పేరు తేలితేనే మందు: జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో మెలియాయిడోసిస్ బాక్టీరియాను గుర్తించిన నా అనుభవం

కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా ల్యాబ్ నుంచి వార్డుకు వెళ్లే కల్చర్ (రోగి నమూనాలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో పైవరుసలో బాక్టీరియా పేరు, దాని కింద ఏ మందులు పనిచేస్తాయో, ఏవి పనిచేయవో తెలిపే పట్టిక ఉంటాయి. డ్యూటీలో ఉన్న డాక్టరు చూపు సహజంగానే పట్టిక మీదికి పోతుంది. కానీ ఆ పట్టిక మొత్తం పైనున్న పేరు మీదే ఆధారపడి ఉంటుంది. బాక్టీరియా పరిచిన ప్లేటు మీద మందు నింపిన చిన్న కాగితపు బిళ్ల (డిస్క్) పెడితే, దాని చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లు ఏర్పడితే ఆ మందు పనిచేస్తుందని చెప్పాలో బాక్టీరియాను బట్టి మారుతుంది. కొన్ని మందులు ప్లేటు మీద పనిచేసినట్టు కనిపించినా రోగి శరీరంలో పనిచేయవు. చికిత్సను వారం రోజుల్లో ముగించాలా, నెలల తరబడి కొనసాగించాలా అన్నది కూడా పేరు తెలిస్తేనే తేలుతుంది. ఈ సంగతి నాకు అన్నింటికంటే బలంగా తెలియజేసింది మెలియాయిడోసిస్ అనే జబ్బు, దానికి కారణమైన బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బాక్టీరియా. మా దగ్గరున్న సామగ్రితోనే దాన్ని గుర్తించిన తీరును, అంతకుముందు మేము సరిచేసుకోవలసి వచ్చిన విషయాలను మా వంటి ల్యాబుల్లో పనిచేసేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

ఈ బాక్టీరియా మట్టిలోనూ, నిలిచిన నీటిలోనూ బతుకుతుంది. వరి పొలంలో చెప్పులు లేకుండా దిగినవారికి కాలి పగుళ్ల గుండా, చిన్న గాయాల గుండా లోపలికి చేరుతుంది. గాలివానల సమయంలో ఊపిరి ద్వారా, కొన్నిసార్లు శుద్ధి చేయని నీటి ద్వారా కూడా సోకుతుంది. షుగర్ ఉన్నవారికి దీని ప్రమాదం చాలా ఎక్కువ. ఊపిరితిత్తుల్లో చేరితే క్షయలాగా, కాలేయంలోనో ప్లీహంలోనో చేరితే మామూలు చీముగడ్డలాగా, రక్తంలో చేరితే ఏ బాక్టీరియా వల్లనైనా వచ్చే తీవ్రమైన సెప్సిస్‌లాగా కనిపిస్తుంది కాబట్టి రోగిని చూసి మాత్రమే దీన్ని తేల్చడం అసాధ్యం. రంగూన్ జనరల్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, మన దేశీయుడైన సహాయ వైద్యుడు సి.ఎస్. కృష్ణస్వామి కలిసి 1911లో దీన్ని గుర్తించి 1912లో ప్రకటించారు. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ వ్యాధి బాక్టీరియాను ఇది చాలావరకు పోలి ఉన్నా, అది కదలదనీ ఇది కదులుతుందనీ చూసి, మరికొన్ని తేడాలతో కలిపి వారు రెండింటినీ వేరుచేశారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు సోకుతోందని, వారిలో సుమారు 89,000 మంది మరణిస్తున్నారని 2016లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ అంచనాలో దక్షిణాసియా వాటా చాలా పెద్దది. 2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు ఈ జబ్బు పేరు తెలుగు పత్రికల్లో వచ్చింది గానీ, మా ప్రాంతపు కల్చర్ ప్లేట్ల మీద ఇది అంతకుముందు నుంచే పెరుగుతూ ఉండి ఉంటుందని నా నమ్మకం. మా రిజిస్టర్లలో "సూడోమోనాస్ స్పీషీస్" (అంటే సూడోమోనాస్ జాతిలో ఏదో ఒకటి) అని ముగిసిన పాత నమోదులను చూసినప్పుడల్లా వాటిలో ఎన్ని ఇవై ఉంటాయోనన్న బాధ కలుగుతుంది.

నేను చెప్పబోయే రోగి యాభై ఏళ్లు దాటిన కౌలురైతు. షుగర్ చాలాకాలంగా ఉంది, మందులు క్రమంగా వాడలేదు. వానాకాలం నాట్ల తరువాత మొదలైన జ్వరం వారాల తరబడి తగ్గలేదు. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించడంతో బయట ఒకచోట క్షయ మందులు మొదలుపెట్టారు. కళ్లె పరీక్షలో క్షయ బాక్టీరియా కనిపించలేదు, క్షయ బాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్షలోనూ రాలేదు. అయినా మందులు కొనసాగాయి, జ్వరమూ కొనసాగింది. మా ఆసుపత్రిలో చేరాక స్కానింగ్ చేస్తే ప్లీహంలో చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. మెడిసిన్ వార్డు డాక్టరుగారు యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి ముందే రెండు చేతుల నుంచి విడివిడిగా రక్తం తీయించి కల్చర్ సీసాల్లో వేయించి పంపారు. ఈ కథ మంచి మలుపు తిరగడానికి మొదటి కారణం అదే అని నేను అనుకుంటాను. మందు ఎక్కించాక తీసిన రక్తంలో బాక్టీరియా దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది. పెద్దవారి నుంచి సీసాకు కనీసం 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయకపోయినా అంతే. మా వార్డుల్లో ఒక్క సీసాలో రెండు మిల్లీలీటర్లు వేసి పంపే అలవాటు పోవడానికి చాలాకాలం పట్టింది.

సీసాలోని ద్రవం మసకబారాక బాక్టీరియాను పెంచే పదార్థాలైన బ్లడ్ అగార్ (రక్తం కలిపినది), మెకాంకీ అగార్ ప్లేట్ల మీద వేశాము. మరుసటి ఉదయానికి బ్లడ్ అగార్ మీద చిన్నవి, నునుపైనవి, బూడిద ఛాయ తెలుపు కాలనీలు వచ్చాయి. మెకాంకీ మీద లాక్టోజ్‌ను పులియబెట్టని లేత కాలనీలు. మా సీనియర్ టెక్నీషియన్ ప్లేట్లు చూపిస్తూ, "మేడమ్, ఆక్సిడేజ్ పాజిటివ్ వచ్చింది. పచ్చరంగు మాత్రం లేదు. సూడోమోనాస్ స్పీషీస్ అని రాసేయమంటారా?" అని అడిగింది. మా వంటి చాలా ల్యాబుల్లో పని అక్కడితో ముగుస్తుంది. రోజుకు వచ్చే నమూనాల ఒత్తిడి, సిబ్బంది కొరత, వార్డు నుంచి వచ్చే ఫోన్లు అన్నీ ఆ మాట రాసేసి తరువాతి ప్లేటు అందుకోమని తొందరపెడతాయి. పచ్చరంగు లేదన్న విషయం ఆమె గమనించి చెప్పడమే ఇక్కడ కీలకం. ఆ జాతిలో మామూలుగా కనిపించే సూడోమోనాస్ ఏరుగినోసా అయితే చాలావరకు ప్లేటంతా పచ్చబారుతుంది. ఇక్కడ ఆ రంగు లేదు, రోగికి షుగర్ ఉంది, పొలం పని ఉంది, ప్లీహంలో గడ్డలున్నాయి. "రాయొద్దమ్మా, ఆ ప్లేట్లకు మూతల అంచున టేపు వేసి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోకి మార్చు. ఇక బెంచి మీద తెరవొద్దు, ఎవరూ వాసన చూడొద్దు" అని చెప్పాను.

ఈ వాసన సంగతి కొంచెం విడిగా చెప్పాలి. పాత తరం టెక్నీషియన్లు ప్లేటు మూత తీసి వాసన చూసి సూడోమోనాస్‌ను చెప్పగలిగేవారు, ఆ నేర్పును గర్వంగా చెప్పుకొనేవారు కూడా. సూడోమల్లై పెరిగిన ప్లేటు మట్టి వాసన వేస్తుందని పుస్తకాల్లోనూ ఉంది. కానీ ఇది ఊపిరి ద్వారా సోకగలిగిన బాక్టీరియా; ల్యాబ్ సిబ్బందిలో షుగర్ ఉన్నవారు ఉంటారు. ల్యాబ్‌లో ఈ బాక్టీరియా సోకే ప్రమాదం ఎక్కువగా ఏర్పడిన వ్యక్తికి, జబ్బు రాకుండా, 21 రోజుల పాటు కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇవ్వవలసి వస్తుంది. మా ల్యాబ్‌లో వాసన చూసే అలవాటును పూర్తిగా ఆపించాము.

బాక్టీరియాకు రంగులు వేసి మైక్రోస్కోపు కింద రకాన్ని చూసే గ్రామ్ స్టెయిన్ మళ్లీ చేయించాను. చివరి రంగుగా సఫ్రనిన్ బదులు పలచని కార్బాల్ ఫుక్సిన్ వాడమన్నాను, ఎందుకంటే గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో సఫ్రనిన్ రంగు ఒక్కోసారి మరీ లేతగా పడి లోపలి తేడాలు కనిపించవు. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద సన్నని ఎర్రటి కడ్డీలు, రెండు చివర్లలో చిక్కని రంగుతో, మధ్యలో దాదాపు ఖాళీగా, మూసిన పిన్నీసులాగా కనిపించాయి. ఈ రూపం ఈ ఒక్క బాక్టీరియాకే పరిమితం కాదు, ప్రతిసారీ ఇంత స్పష్టంగా కనిపించదు కూడా. అయినా అనుమానం బలపడింది.

ఆక్సిడేజ్ పరీక్ష కూడా తిరిగి చేశాము. చూడటానికి ఇది అతి సులువైన పరీక్ష: రసాయనంలో తడిపిన ఫిల్టర్ పేపరు మీద కాలనీని రుద్దితే పది సెకన్లలో ముదురు ఊదారంగు రావాలి. ఈ పది సెకన్లలోనే అనేక రకాలుగా పొరపాటు జరగవచ్చు. ఆ రసాయనం గాలి తగిలితే దానంతట అదే నీలిబారుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు కలుపుకోవాలి, లేదా చిన్న చిన్న భాగాలుగా ఫ్రీజర్‌లో దాచుకోవాలి. నైక్రోమ్ లూపుతో రుద్దితే తీగ ప్రభావం వల్లనే రంగు రావచ్చు. అందుకే మేము ఆటోక్లేవ్ చేసిన పుల్లలు వాడతాము. మెకాంకీ ప్లేటు నుంచి కాలనీ తీసుకోకూడదు, బ్లడ్ అగార్ నుంచో న్యూట్రియంట్ అగార్ నుంచో తీసుకోవాలి. ప్రతి దఫా తెలిసిన ఈ. కోలైతో, తెలిసిన సూడోమోనాస్‌తో పక్కపక్కనే పరీక్షిస్తాము. మొదటిది రంగు మారకూడదు, రెండోది మారాలి. ఈ రెండు చుక్కలు వేయడానికి నిమిషం కూడా పట్టదు. అవి లేకుండా చేసిన ఆక్సిడేజ్ ఫలితాన్ని నేను నమ్మను.

అసలు నిర్ణయం మూడు డిస్కుల మీద జరిగింది. జెంటామైసిన్, కోలిస్టిన్, అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్: ఈ మూడూ చాలా ల్యాబుల ఫ్రిజ్‌లో ఎలాగూ ఉంటాయి. సూడోమల్లై మొదటి రెండింటికీ సాధారణంగా లొంగదు, మూడోదానికి లొంగుతుంది. సూడోమోనాస్ ఏరుగినోసా దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ దానిపై స్వభావసిద్ధంగానే పనిచేయదు. సూడోమల్లైకి దగ్గరి బంధువులైన బర్ఖోల్డేరియా సెపేసియా సమూహానికి చెందినవైతే సాధారణంగా మూడింటికీ లొంగవు. కాబట్టి ఆక్సిడేజ్ పాజిటివ్ అయిన గ్రామ్ నెగటివ్ కడ్డీ, మొదటి రెండు డిస్కుల అంచు దాకా పెరిగి, మూడోదాని చుట్టూ వెడల్పైన వలయం వదిలిందంటే, వేరేదని రుజువయ్యేదాకా దాన్ని సూడోమల్లైగానే భావించాలి. కోలిస్టిన్ అణువు అగార్‌లో సరిగా వ్యాపించదు కాబట్టి ఆ డిస్క్ చూసి రోగికి కోలిస్టిన్ పనిచేస్తుందని రిపోర్టు ఇవ్వకూడదన్నది వేరే సంగతి. గుర్తింపు కోసం వాడటానికి అది అడ్డు కాదు.

మరునాడు ప్లేటు తీసి చూస్తే జెంటామైసిన్ డిస్కు చుట్టూ ఖాళీ లేదు, కోలిస్టిన్ చుట్టూ లేదు, మూడో డిస్కు చుట్టూ శుభ్రమైన వలయం ఉంది. కానీ ఇలాంటి ఫలితాన్ని నమ్మడానికి ముందు ఆ ప్లేటును నమ్మగలగాలి. ఈ డిస్కుల పరీక్షకు వాడే ముల్లర్-హింటన్ అగార్‌లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సూడోమోనాస్ మీద జెంటామైసిన్ వలయం కుంచించుకుపోయి, లొంగే బాక్టీరియా కూడా లొంగనట్టు కనిపిస్తుంది. మా ఊరి నీటిలో ఇలాంటి లవణాలు ఎక్కువ. డిస్టిలేషన్ యంత్రంలో పొలుసు పట్టి నీళ్లు సరిగా శుద్ధి కాని రోజులు ఉండేవి. అగార్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి, బాక్టీరియా ద్రావణం మసక 0.5 మెక్‌ఫార్లండ్ ప్రమాణానికి సరిపోవాలి, డిస్కుల సీసాలో సిలికా జెల్ ఉండాలి, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ ఎంతసేపు వేడెక్కిందో రాసి ఉండాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో విడివిడిగా వాదించుకోనక్కరలేదు. ఏటీసీసీ 27853 అనే ప్రామాణిక సూడోమోనాస్‌ను అదే దఫా ప్లేటు మీద, అదే జెంటామైసిన్ డిస్కులతో పరీక్షిస్తే ఆ వలయమే చాలావరకు చెప్పేస్తుంది. ఆ రోజు దాని వలయం నిర్దేశిత హద్దుల్లోనే ఉంది. కాబట్టి మా రోగి ప్లేటు చూపిస్తున్నది నిజమని నమ్మగలిగాము.

మిగిలిన పరీక్షలను వేగంగా చెబుతాను. కదలిక ఉంది, 42 డిగ్రీల వద్ద పెరిగింది, అర్జినిన్ పరీక్ష పాజిటివ్, లైసిన్ నెగటివ్. ఈ చివరి రెండూ సెపేసియా నుంచి దీన్ని వేరుచేయడానికి పనికొస్తాయి. కొన్ని రోజులు ఉంచిన ప్లేటు మీద కాలనీలు పొడిబారి ముడతలు పడ్డాయి.

అదే కల్చర్‌ను ఒక ప్రైవేటు ల్యాబ్‌లోని ఆటోమేటెడ్ యంత్రంలోనూ పరీక్షింపజేశాము. అది బర్ఖోల్డేరియా సెపేసియా అని చాలా ఎక్కువ సంభావ్యతతో చూపింది. యంత్రం తన డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చి దగ్గరగా ఉన్న పేరు ఇస్తుంది. అరుదైన బాక్టీరియా విషయంలో ఆ పోలిక తప్పవచ్చు. బాక్టీరియా ప్రోటీన్ల ఆనవాలును పోల్చి పేరు చెప్పే మాల్డీ-టాఫ్ వంటి ఆధునిక పద్ధతి కూడా, లైబ్రరీలో సూడోమల్లై ప్రొఫైల్ లేనప్పుడు దాని బంధువైన థాయిలాండెన్సిస్ పేరు చూపిస్తుంది. యంత్రాల మీద నాకు వ్యతిరేకత లేదు, మా ల్యాబ్‌కు ఒకటి మంజూరైతే సంతోషంగా వాడతాను. కానీ యాభై రూపాయలు కూడా ఖర్చు కాని మూడు డిస్కులు ఇచ్చిన సమాధానాన్ని, యంత్రం అచ్చువేసిన కాగితం చూసి పక్కన పెట్టే పరిస్థితి మా వంటి చోట్ల రాకూడదు. యంత్రం కొనడానికి దొరికే నిధులు, తెలిసిన బాక్టీరియా రకాలను కొని కాపాడుకోవడానికి దొరకవు. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం.

నిర్ధారణ కోసం కల్చర్‌ను రెఫరెన్స్ ల్యాబ్‌కు పంపాము. మణిపాల్, వెల్లూరు వంటి చోట్ల ఈ బాక్టీరియా మీద ఏళ్లుగా పనిచేస్తున్న నిపుణులు ఉన్నారు కాబట్టి మన దేశంలో దారి మూసుకుపోలేదు. ఇలాంటి కల్చర్‌ను మామూలు కొరియర్ కవరులో పంపడం కుదరదు: కారకుండా బిగించిన ట్యూబు, దాని చుట్టూ పీల్చుకునే పదార్థంతో రెండో గట్టి డబ్బా, ఆపైన మూడో పెట్టె ఉండాలి, ప్రమాద సూచికలు అంటించాలి. అక్కడ యాంటీబాడీలు పూసిన కణాలతో చేసే లాటెక్స్ పరీక్షలోనూ, జన్యుపదార్థాన్ని చూసే పీసీఆర్‌లోనూ సూడోమల్లై అని తేలింది.

కానీ రోగి చికిత్సను ఆ జవాబు వచ్చేదాకా ఆపలేదు. మూడు డిస్కుల ఫలితం చూసిన గంటలోనే వార్డుకు ఫోన్ చేసి, మెలియాయిడోసిస్ అయ్యే అవకాశం బలంగా ఉందని, జెంటామైసిన్ పనిచేయదని డాక్టరుగారికి చెప్పాను, తరువాత ప్రాథమిక రిపోర్టు రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన సెఫ్టాజిడిమ్ మొదలుపెట్టారు. మొదటి దశలో సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ నరం ద్వారా కనీసం రెండు వారాలు, లోపల గడ్డలు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కాలం ఇవ్వాలి. ఆ తరువాత కనీసం మూడు నెలలు కో-ట్రైమోక్సజోల్ మాత్రలు. ఈ రెండో దశ లేకపోతే జబ్బు తిరగబెడుతుంది. సూడోమోనాస్ అని రాసి ఉంటే కూడా డాక్టరు సెఫ్టాజిడిమ్ ఇచ్చేవారేమో, కానీ వారం పది రోజుల్లో జ్వరం తగ్గగానే ఆపి ఇంటికి పంపేవారు. బాక్టీరియా ప్లీహంలో అలాగే మిగిలేది. జ్వరం తగ్గడం కూడా ఈ జబ్బులో ఆలస్యంగానే జరుగుతుంది, సరైన మందు పడ్డాక కూడా వారం దాటవచ్చు. పేరు తెలియకపోతే ఆ వారంలో మందు పనిచేయడం లేదనుకుని మార్చేస్తారు.

రోగి కొడుకు ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చి, "మేడమ్ గారూ, టీబీ కాదంటున్నారు, మరి ఆ మందులు ఆపేయొచ్చా?" అని అడిగాడు. ఆపే నిర్ణయం డాక్టరుగారిదని చెప్పి ఆయన దగ్గరికి పంపాను. క్షయకు ఆధారం ఏదీ లేదని తేల్చుకున్నాక ఆయన వాటిని ఆపారు. జ్వరం మెల్లగా తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది. మాత్రల దశలో రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూడటానికి రోగి వస్తూనే ఉన్నాడు.

పై ప్రయత్నమంతా సాధ్యపడటానికి వెనుక చేసిన పని పైకి కనిపించదు. కొంతకాలం క్రితం వరకు మా ల్యాబ్‌లో బ్లడ్ అగార్ తయారీకి బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనుషుల రక్తం వాడేవారు. గొర్రె రక్తం దొరకదు, దొరికినా శుభ్రంగా తీసే మనిషి ఉండడు కాబట్టి మన దేశంలో అనేక ల్యాబులు ఇదే పని చేస్తాయి. బ్లడ్ బ్యాంకు రక్తంలో గడ్డకట్టకుండా కలిపిన సిట్రేట్ ఉంటుంది, దాత వాడిన యాంటీబయాటిక్ ఉండవచ్చు, యాంటీబాడీలు ఉంటాయి. కొన్ని బాక్టీరియాలు సరిగా పెరగవు, స్ట్రెప్టోకోకై అనే బాక్టీరియా చుట్టూ రక్తం కరిగిందో లేదో స్పష్టంగా తెలియదు. సిబ్బందికి హెపటైటిస్ బి, హెచ్ఐవీ ప్రమాదం కూడా ఉంది. పశువైద్య విభాగం వారితో మాట్లాడి, గాజు పూసలున్న ఆటోక్లేవ్ చేసిన ఫ్లాస్కులోకి గొర్రె రక్తం తీసి గడ్డకట్టకుండా తిప్పే పద్ధతిని మా సిబ్బంది నేర్చుకొనేలా ఏర్పాటు చేశాము. ప్లాస్మాను గడ్డ కట్టిస్తుందో లేదో చూసి స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియాను తేల్చే కోయాగులేజ్ పరీక్షలోనూ ఇలాంటి చిక్కే ఉండేది: సిట్రేట్ కలిసిన ప్లాస్మా వాడితే, సిట్రేట్‌ను తినే ఎంటెరోకోకస్ వంటివి కూడా గడ్డ కట్టించి తప్పుడు పాజిటివ్ ఇవ్వగలవు. ఇప్పుడు సిట్రేట్ బదులు ఈడీటీఏ అనే రసాయనం కలిపిన కుందేలు ప్లాస్మా వాడుతున్నాము.

బయటి నాణ్యతా పరీక్షలో కూడా చేరాము. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ మైక్రోబయాలజిస్ట్స్ నడిపే ఈ పథకంలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వంటి కేంద్రాలు పేరు చెప్పకుండా బాక్టీరియాను పొడి రూపంలో పంపుతాయి. మేము గుర్తించి జవాబు రాస్తే సరిచూసి తిరిగి పంపుతాయి. ఆ నమూనాలను నేను చేయకుండా, రోజూ ప్లేట్లు చదివే టెక్నీషియన్లకే ఇస్తాను. రోగుల రిపోర్టు ఆధారపడేది వారి కళ్ల మీద కాబట్టి పరీక్ష కూడా వారికే జరగాలి.

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ నమూనా నుంచైనా ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగటివ్ కడ్డీ వచ్చి, అది పచ్చరంగు ఇవ్వకపోతే, ఎవరినీ అడగకుండానే ఆ మూడు డిస్కులు పెడతారు. కళ్లె, గొంతు, చీము నమూనాల్లో ఇతర బాక్టీరియాల గుంపులో ఇది మునిగిపోతుంది కాబట్టి వాటి కోసం ఆష్‌డౌన్ అగార్ మేమే తయారుచేసుకుంటున్నాము. ఆస్ట్రేలియాకు చెందిన ఆష్‌డౌన్ 1979లో ప్రకటించిన ఈ మీడియంలో జెంటామైసిన్, క్రిస్టల్ వయొలెట్, న్యూట్రల్ రెడ్, గ్లిసరాల్ ఉంటాయి, అన్నీ ఏదో ఒక పని కోసం ల్యాబ్‌లో ఉండేవే. దీని మీద సూడోమల్లై ఊదారంగులో, పొడిగా, ముడతలుగా పెరుగుతుంది. రెండు రోజులకు రాకపోతే పారేయకుండా వారం దాకా ఉంచాలి. షుగర్ ఉండి, క్షయ పరీక్ష నెగటివ్ వచ్చి, జ్వరం తగ్గనివారి కళ్లెను కల్చర్‌కు కూడా పంపమని జిల్లా క్షయ విభాగాన్ని కోరాము. వానాకాలం మొదలైనప్పటి నుంచి కొన్ని కేంద్రాలు పంపుతున్నాయి. దూరపు మండలాల నుంచి నమూనా అదే రోజు చేరే ఏర్పాటు ఇంకా కావలసి ఉంది. దాని కోసం ఇప్పటికే కళ్లె డబ్బాలు తెచ్చే వాహనంలోనే వీటినీ పంపించేందుకు అనుమతి అడిగాము.